మిద్దె మీద ఓడ

పిల్లల్ని ఓడ ప్రయాణానికి ఎలా తయారు చేయాలో చెప్పే పుస్తకం కర్నూలు బస్టాండు దగ్గర ఏ అంగట్లోనూ దొరకలేదు. వాస్తు పుస్తకాలున్నాయి, ఊరగాయల పుస్తకం ఉంది, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పేది ఉంది. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "ఓడలకు ఈడ గిరాకీ లేదమ్మా" అన్నాడు. ఆయన్ని అని ఏం లాభం? ఎండాకాలం వస్తే తుంగభద్రలో నీళ్లకన్నా బర్రెలు ఎక్కువ కనబడే ఊళ్లో ఓడ పుస్తకం అడగడం నాదే బుద్ధి తక్కువ.

అది 2006, మార్చి నెల. మా అంగడి పేరు రాజ్యలక్ష్మి పెయింట్స్ అండ్ హార్డ్‌వేర్. ఆ ఏడాది మా ఆయన రాఘవేంద్రప్రసాద్ రంగుల కంపెనీ వాళ్లు పెట్టిన అమ్మకాల టార్గెట్ దాటాడు. మేం ఉండే కల్లూరులో కొత్త ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఎవరింటి గోడ లేస్తే వాళ్ల ముందు రంగుల కార్డు పట్టుకుని నిలబడేది మా ఆయనే. అందుకు బహుమతిగా కంపెనీ వాళ్లు సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణం ఇచ్చారు. ఒక డీలర్‌కు నాలుగు టికెట్లు, మే నెలలో. మా ఆయన, నేను, ఎనిమిదేళ్ల శ్రీవిద్య, ఐదేళ్ల అజయ్. నలుగురికి నాలుగు, సరిపోయిందనుకున్నాం.

అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కడుపులో మాట దాచుకోవడం నా వల్ల కాదు. నాది ప్రొద్దుటూరు. ముప్పై రెండేళ్లు వచ్చినా నేను సముద్రం చూడలేదు. పెళ్లయిన కొత్తలో కన్యాకుమారి తీసుకుపోతానన్న మనిషి శ్రీశైలం డ్యాముకు తీసుకుపోయి, "ఇవీ నీళ్లే గదా" అన్నాడు. ఆ మాట పదేళ్లయినా నాకు అరగలేదు. కాబట్టి పిల్లల్ని తయారు చేయడమని నేను చేసిన హడావిడిలో ముప్పావు వంతు నా కోసమే. ఆ ఓడ నేను ఎక్కాలి. ఎక్కకపోతే బతికినన్నాళ్లూ మా ఆయన్ని దెప్పుతూనే ఉంటాను. ఆయన సుఖం కోరి అయినా ఎక్కాలి.

ఆ ఓడ గురించి కంపెనీ వాళ్లిచ్చిన వీసీడీ మూడుసార్లు చూసి, నోట్‌బుక్‌లో అన్నీ రాసుకున్నాను. నలుగురికీ ఒకటే గది. ఆ గది మా వంటింటికన్నా చిన్నది. మా పిల్లలేమో నిద్రలో ఇల్లంతా దొర్లే రకం. చాక్‌పీసు తీసుకుని మిద్దె మీద గది గీశాను. ఇది వాకిలి, ఇవి మంచాలు, ఇది కిటికీ.

"గీత దాటితే సముద్రమే. జాగర్త" అని పిల్లలకు చెప్పాను.

అజయ్ గీత అంచున నిలబడి కిందికి తొంగి చూశాడు. "అమ్మా, సముద్రం నిండాలంటే ఎన్ని ట్యాంకర్లు తోలాల?"

వాడు అడిగిందాంట్లో తప్పేం లేదు. మా వీధికి కొళాయి నీళ్లు రెండు రోజులకొకసారి, అది కూడా బిందె నిండేలోపు ఆగిపోతాయి. తక్కినదంతా ట్యాంకరే. వాడి దృష్టిలో నీళ్లంటే ట్రాక్టరు వెనకాల వచ్చేవి.

"ట్యాంకర్లతో నిండదు నాయనా. అది ఎప్పుడూ నిండే ఉంటాది."

"అయితే మన వీధికి ఎందుకు వదలరు?"

"ఉప్పు నీళ్లురా" అని వాళ్లక్క శ్రీవిద్య పెద్దరికంగా చెప్పింది. చెప్పి, తనే ఆలోచనలో పడి, "అన్ని నీళ్లల్లో ఉప్పేసి పాడు చేసిందెవరమ్మా?" అని అడిగింది. అలాంటి పని చేసినవాణ్ణి మా కల్లూరులో ఊరికే వదలరని దాని నమ్మకం.

ఈ సందట్లో మా అత్త రాజ్యలక్ష్మమ్మ మెట్లెక్కి వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి, సన్నగా, గట్టిగా ఉంటుంది. చేతిలో గోరుచిక్కుళ్ల చాట.

"ఏమ్మే వాసవీ, ఎండకు తలకాయ తిరిగిందా? మిట్టమధ్యాన్నం ముగ్గేస్తాండావు?"

"ముగ్గు కాదత్తా, ఓడలో గది. పిల్లలకు అలవాటు చేస్తాండా."

మా అత్త చాట పిట్టగోడ మీద పెట్టింది. గీతల చుట్టూ ఒకసారి తిరిగింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, సరిగ్గా వాకిలి గీసిన చోటి నుంచే లోపలికి వచ్చింది. మంచం గీసిన చోట పడుకుని, కాళ్లు చాపి చూసింది.

"వాకిలి ఈడుంటే కాలు తగులుతాది. మంచం అట్లా జరుపు" అంది.

ఆ పూట నుంచి పెత్తనం ఆమె చేతికి పోయింది. నాకు కోపం వచ్చిన మాట నిజమే. వీసీడీ చూసింది నేను, నోట్‌బుక్ రాసింది నేను, గది గీసింది నేను. కానీ ఆమె నాకన్నా బాగా నేర్పుతుంటే ఏమనగలను?

ఓడలో అపాయం వస్తే ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినిపిస్తాయట. ఆ కూతలు వినగానే లైఫ్ జాకెట్లు వేసుకుని పైకి రావాలట. "కూత యాడ తేవాల?" అని నేను దిగులు పడుతుంటే, మా అత్త కందిపప్పు కడిగి కుక్కర్ పొయ్యి మీద పెట్టింది. ఏడు కూతలు కుక్కర్‌వి, ఎనిమిదోది ఆమె నోటితో. లైఫ్ జాకెట్లు అంటే ముందొక దిండు, వెనకొక దిండు, మా మామ రామకోటయ్య పంచెతో బిగించి కట్టడం. మొదటి రోజు కూత వినగానే శ్రీవిద్య బడి సంచి తీసుకుని పరిగెత్తింది, అజయ్ చెప్పుల కోసం ఏడ్చాడు, నేను పొయ్యి ఆర్పడానికి వెనక్కి పోయాను. ముగ్గురం మునిగిపోయామని మా అత్త తీర్పు చెప్పింది. ఆమె మాత్రం అప్పటికే మిద్దె మీద ఉంది, రెండు దిండ్లతో.

"పిల్లలకు ఎవరో ఒకరు చేసి చూపించాల గదా" అంది.

ఆ నెలంతా మా ఇంట్లో పప్పు తాగామే గాని తినలేదు. ఏడు కూతలకు ఏ పప్పయినా నీళ్లవక ఏమవుతుంది! ఇంకొక చిక్కు కూడా వచ్చింది. పక్కింటి ఉరుకుందమ్మ కుక్కర్ పెట్టినా మా పిల్లలు దిండ్లు కట్టుకుని మెట్లెక్కేసేవాళ్లు. "మా ఇంట్లో అన్నం వండాలంటే భయమైతాందక్కా" అని ఆమె గోడ మీంచి మొరపెట్టుకునేది.

ఓడలో భోజనం బఫే. ఎవరికి కావాల్సింది వాళ్లు వరసలో నిలబడి పెట్టుకోవాలి, తినగలిగినంతే పెట్టుకోవాలి, "వెజ్జా?" అని ప్రతిదానికీ అడగాలి. దీనికోసం మా అత్త బల్ల మీద ఐదు గిన్నెలు పెట్టి మూతలు పెట్టింది. ఐదింటిలోనూ ఉగ్గానే. బొరుగులు నానబెట్టి తాలింపు వేయడం తప్ప పొద్దున్నే ఐదు రకాలు చేసే ఓపిక ఎవరికుంది? అజయ్ పళ్లెం పట్టుకుని, మొదటి గిన్నె దగ్గర "వెజ్జా?" అన్నాడు. "వెజ్జే నాయనా" అంది మా అత్త. రెండో గిన్నె దగ్గరా అడిగాడు, ఐదో గిన్నె దగ్గరా అడిగాడు. అన్నిటిలోంచీ తలా ఒక గరిటె పెట్టించుకుని తిని, మూడోది బాగుందని చెప్పాడు.

సముద్రంలో కడుపు తిప్పకుండా ఉండటానికి నడవలో బల్ల ఉయ్యాల. తిన్న వెంటనే పిల్లల్ని కూర్చోబెట్టి ఊపడం. పిల్లలకు ఏమీ కాలేదు, ఇంకా గట్టిగా ఊపమన్నారు. ఊపుతున్న మా ఆయనకు కళ్లు తిరిగాయి. కుర్చీలో కూర్చుని చూస్తున్న మా మామ పేపరు అడ్డం పెట్టుకుని, "నాకు నంద్యాల బస్సే పడదు. మీ ఓడ పేరెత్తితేనే వాంతి వస్తాది. నన్నిడిసిపెట్టండి" అన్నాడు. ఉయ్యాల ఖాళీ అయ్యాక మా అత్త వచ్చి కూర్చుని, కాలితో నేలను తన్ని, పదిహేను నిమిషాలు ఊగింది. "ఏమీ కాలే" అని ఎవరితోనో చెప్పినట్టు చెప్పింది.

ఇవన్నీ చూస్తూ కూడా నాకు అనుమానం రాలేదు. వచ్చింది ఒక ఆదివారం, తుంగభద్ర ఒడ్డున.

ఓడకు ముందు పిల్లలు పడవైనా ఎక్కాలి కదా అని తీసుకుపోయాం. నీళ్లు ఆ గట్టున ఒక పాయ, ఈ గట్టున ఒక మడుగు. మిగిలినదంతా ఇసుక. పుట్టి నడిపే శివన్న తన పుట్టిని ఇసుకలో పెట్టుకుని, బీడీ కాలుస్తూ నీడలో కూర్చున్నాడు.

"నీళ్లు యాడుండాయమ్మా? శ్రావణంలో రాండి" అన్నాడు.

పిల్లల మొహాలు చూసి, ఆయనకే పాపం అనిపించినట్టుంది. "సరే, కూసోండి" అని పిల్లలిద్దర్నీ ఆ గుండ్రటి పుట్టిలో కూర్చోబెట్టి, ఇసుకలోనే అటూ ఇటూ ఊపాడు, బొంగరంలా తిప్పాడు. పిల్లలు కేకలు. "పిల్లోడు పడతాడు, పట్టుకుంటా" అని మా అత్త కూడా లోపలికి ఎక్కి కూర్చుంది. కాసేపటికి పిల్లలకు విసుగొచ్చి దిగి బర్రెల వైపు పరిగెత్తారు. మా అత్త దిగలేదు. పుట్టి అంచు రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఏముందో నాకు తెలియదు గాని, నీళ్లు ఉండాల్సిన వైపు చూస్తూ కూర్చుంది. "ఇంగొకసారి తిప్పు నాయనా" అని శివన్నను అడగడం విన్నాను.

అప్పుడు నాకు ఏదో కలుక్కుమంది. కానీ టికెట్లు నాలుగే. నేను పిల్లల చెప్పుల్లో ఇసుక దులపడంలో పడిపోయాను.

ఆ తర్వాత బుధవారం కంపెనీ మనిషి రామకృష్ణ అంగడికి వచ్చాడు. కడప వాడు, మాటకు ముందు నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదట. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన ముఖం చూసి, నేను గరిటె కింద పెట్టాను.

"ఏమైంది?"

"టికెట్లు డీలర్ పేరు మీద ఇస్తారంట. డీలరు, డీలరుతో బాటు ఇంట్లోవాళ్లు ముగ్గురు."

"డీలర్ నువ్వే గదా?"

మా ఆయన వీధి వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించాడు. "కాదు. అమ్మ."

మా కోమటోళ్లలో అంగడి ఆడవాళ్ల పేరు మీద తెరవడం కొత్తేమీ కాదు. లక్ష్మీదేవి కలిసొస్తుందంటారు. ఆడిటరుకు తెలిసిన కారణాలు ఇంకా ఏవో ఉంటాయి. మా మామ ముప్పై ఏళ్ల కిందట అంగడి పెట్టినప్పుడు భార్య పేరు పెట్టి, కాగితాలన్నీ ఆమె పేరునే రాయించాడు. అప్పటి నుంచి మా అత్త చేసే పని సంతకం పెట్టడం. ఈడ, ఈడ, ఈడ అని వేలు పెట్టి చూపిస్తే, పోపు గరిటె పక్కన పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని పెట్టేది. అంగడిలో గల్లా దగ్గర ఆమె ఒక్కరోజు కూర్చున్నది నేను చూడలేదు. బోర్డు మీద ఆ పేరు రోజూ చూసి చూసి అది మనిషి పేరన్న సంగతే అందరం మరిచిపోయాం.

"అయితే ఇప్పుడు?" అన్నాను.

"ఏం లేదు. నాకు ఒంట్లో బాగలేదు, నా బదులు మా కొడుకూ కోడలూ పోతారు అని అమ్మ రాసిస్తే చాలంట. లెటర్ కొట్టించుకోనొచ్చినా." జేబులోంచి కాగితం తీశాడు. ఇంగ్లీషులో ఉంది. "నువ్వే సంతకం పెట్టించు. నాకు అడగబుద్ధి కాలేదు."

చదివాను. నేను బీకాం. 'నాకు మోకాళ్ల నొప్పులు తీవ్రంగా ఉన్నాయి. మెట్లు ఎక్కలేను. ప్రయాణం చేయవద్దని డాక్టరు చెప్పాడు' అని ఉంది. ఏ డాక్టరో నాకు తెలియదు.

"ఆమెకు చెప్పి, అడిగి పెట్టించుకుందాం" అని నేను అనాల్సింది. అనలేదు. అడిగితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు. ఇసుకలో పుట్టి దిగని మనిషిని నా కళ్లతో చూశాను. అడిగితే నా టికెట్టు పోతుంది. అందుకే అడగలేదు. ఇంతకన్నా మర్యాదగా చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

ఆదివారం పొద్దున పదిన్నరకు మామూలుగానే కుక్కర్ కూసింది. పిల్లలు దిండ్లతో పరిగెత్తారు. నేను అంగడి కాగితాలు రెండు, వాటి మధ్యలో ఈ లెటరు పెట్టుకుని, కలంతో పైకి పోయాను. మా అత్త ఎప్పటిలాగే అందరికన్నా ముందే చేరి, దిండు ముడి సరిచేసుకుంటోంది. మెట్లన్నీ ఎక్కి వచ్చినా ఆమెకు ఆయాసం లేదు. నాకే ఉంది.

"అత్తా, సంతకాలు" అన్నాను.

"యాడ?"

"ఈడ. ఈడ. ఈడ."

పొట్ట మీది దిండునే బల్ల చేసుకుని, ఎండకు కళ్లు చికిలించి, మూడు కాగితాల మీదా 'రాజ్యలక్ష్మమ్మ' అని తెలుగులో నిదానంగా పెట్టింది. అయిపోయింది. ఇంత తేలిగ్గా అయిపోతుందని నేను అనుకోలేదు. కాగితాలు మడుస్తుంటే శ్రీవిద్య నా మోచేతి కిందికి దూరి, ఒకటి లాక్కుంది. ఓడలో బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటాయని, కనబడ్డ ప్రతి ఇంగ్లీషు ముక్కా చదవమని దాని ప్రాణం తీస్తున్నది నేనే.

అది కూడబలుక్కుని చదివింది. నేను కాగితం లాక్కునేలోపే తలెత్తి, "జేజీ, నీకు మోకాళ్లు నొప్పులా?" అంది.

"ఎవరు చెప్పినారు?"

"ఈడ రాసినారు. నువ్వు మెట్లెక్కలేవంట. డాక్టరు వద్దన్నాడంట."

మా అత్త ముందూ వెనకా దిండ్లతో, ఎక్కలేని మెట్ల పైన నిలబడి, నా వైపు చూసింది. నేను అబద్ధం చెప్పగలిగేదాన్నే. నోట్లోకి వచ్చింది కూడా. కానీ ఆమె చూపు చూశాక మింగేశాను.

"మొత్తం సదువు" అంది. "తెలుగులో."

చదివాను. ప్రతి ముక్కా తెలుగులో చెప్పాను. టికెట్లు ఆమె పేరున వచ్చిన సంగతి, రామకృష్ణ చెప్పింది, మా ఆయన కొట్టించుకొచ్చింది, నేను మధ్యలో దాచి పెట్టింది, అన్నీ చెప్పేశాను. పిల్లలిద్దరూ నోళ్లు తెరుచుకుని విన్నారు.

మా అత్త పంచె ముడి విప్పి, దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"నాకు ఒంట్లో బాగలేదని గూడా మీ కాగితం చూసి తెలుసుకోవాల్నా నేను?" అంది. గొంతు పెంచలేదు. "ముప్పై ఏండ్లు పెట్టినా సంతకాలు. మీరు సదివి చెప్పలే. నేనూ అడగలే. నాదీ తప్పే."

"తప్పయింది అత్తా" అన్నాను. ఏడుపొచ్చింది. "ఒక్కసారి సముద్రం చూడాలనుండాది నాకు."

"నాకు మాత్రం ఎవురు సూపించినారు?" అంది.

కిందికి దిగిపోయింది. నేను ఎండలో, ఆ గీసిన గదిలో చాలాసేపు కూర్చున్నాను. సిగ్గుగా ఉంది. సిగ్గు కింద, ఇంకా సిగ్గులేనట్టు, నా టికెట్టు పోయిందన్న బాధ ఉంది. ఆమె, ఇద్దరు పిల్లలు, నాలుగోది మా ఆయన. కొడుకు ఉండగా దొంగ కోడల్ని ఎవరు తీసుకుపోతారు? పైగా టార్గెట్ కొట్టింది ఆయన. న్యాయం కూడా అటే ఉంది.

భోజనాల లోపు మా అత్త మా మామను ఒక్కసారి వంటింట్లోకి పిలిచింది. ఆదివారం కాబట్టి మా మామా, మా ఆయనా ఇంట్లోనే ఉన్నారు. పప్పు నీళ్లలాగే ఉంది, తాగేశాం. అందరి విస్తళ్లలోకీ మజ్జిగ పోశాక ఆమె చేయి కడుక్కుని వచ్చి, ఉయ్యాల బల్ల మీద కూర్చుంది.

"వాసవీ, తెల్ల కాగితం తీసుకోనిరా. నేను చెప్పేది రాయి. తర్వాత ఇంగ్లీషులో కొట్టించుకుంటే కొట్టించుకోండి. ముందు నాకు అర్థమయ్యే మాటల్లో రాయి."

మా ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకుని, కింద కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"నేను రాజ్యలక్ష్మమ్మను. రాజ్యలక్ష్మి పెయింట్స్ ఓనర్ను." అక్కడ కొంచెం ఆగింది. ఆ మాట ఆమెకే కొత్తగా ఉన్నట్టుంది. "నాకు ఒంట్లో బాగుండాది. మెట్లు ఎక్కుతాను. ఏ డాక్టరూ వద్దనలే. ఓడకు నేనే వస్తాండా."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా, నువ్వా? అంత దూరమా?"

"పాస్‌పోర్టు తొందరగా చేయించే ఏర్పాటు ఉండాదంట గదా? ఆ రామకృష్ణను అడుగు." నా వైపు తిరిగింది. "రాయి. నాతో వచ్చేటోళ్లు ముగ్గురు. ఒకటి శ్రీవిద్య."

రాశాను.

"రెండు అజయ్."

రాశాను. మూడోది ఆమె చెప్పక్కర్లేదు. నేనే 'రాఘవేం' దాకా రాసేశాను.

"ఎవరి పేరది?" అంది, ఉయ్యాల మీంచి వంగి చూసి.

"ఆయన పేరు అత్తా."

"నేను చెప్పినానా? కొట్టేయ్. నీ పేరు రాయి."

మా ఆయన విస్తరి ముందు నుంచి లేచాడు. "అదేందమ్మా? టార్గెట్ కొట్టింది నేను!"

"కొట్టినావు. శానా సంతోషం. నువ్వొస్తే ఆడ గూడా నీ గుడ్డలు నేనే వెతకాల, నీ కండ్లద్దాలు నేనే చూపించాల. నేను ఓడలో కూసోవాల."

అప్పటికే చేయి కడుక్కుని కుర్చీలో కూర్చున్న మా మామ పేపరు దించాడు. "అది కాదే. ఆయమ్మి నీతో దొంగ సంతకం పెట్టించిందని నువ్వే గదా ఇప్పుడు వంటింట్లో చెప్పినావు? మళ్లా ఆయమ్మినే తీసుకపోతానంటావు?"

మా అత్త ఉయ్యాల ఆపింది.

"అవును, పెట్టించింది. దానికి ఆశ ఉండి పెట్టించింది. అడిగితే ఏడ్సుకుంటా చెప్పింది. నువ్వు ముప్పై ఏండ్లు పెట్టించుకున్నావు. నీకు ఏ ఆశా లేదు. ఊరికే అలవాటు."

మా మామ పేపరు మళ్లీ ఎత్తలేదు. మడిచి ఒళ్లో పెట్టుకుని, మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. నేను నా పేరు రాయబోయాను. 'వా' రాశాను. కళ్లు తుడుచుకుని మళ్లీ కలం పెట్టాను. ఇంత చిన్న పేరు రాయడానికి అంతసేపు పడుతుందని నాకు తెలియదు.

"ఏడుపు ఆపి రాయమ్మా. తడిస్తే మళ్లా రాయాల" అంది మా అత్త.

రాయడం అయ్యాక కలం అందించి, అలవాటు కొద్దీ సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టాను. ఆమె కలం తీసుకుంది గాని పెట్టలేదు.

"ముందు సదువు" అంది.

మొదటి నుంచి చదివాను. ఓనర్ను అన్న చోట మళ్లీ చదవమంది. చదివాను. పేర్లు చదివాను, నాది కూడా. అప్పుడు సంతకం పెట్టింది. ఎప్పుడూ పెట్టే దానికన్నా పెద్దగా, కాగితం అంచు దాకా.

"పాస్‌పోర్టుకు ఫొటో యాడ దిగాల?" అని అడిగింది.

"రేపు పోదాంలే అమ్మా" అన్నాడు మా ఆయన, ఓడిపోయిన గొంతుతో.

"రేపు అంగడి ఉండాది. నువ్వు అంగట్లో ఉండాల" అంది ఆమె. లోపలికి పోయి నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేను కళ్లు తుడుచుకుని, పిల్లల్ని ఉరుకుందమ్మకు అప్పజెప్పి వచ్చేసరికి, మా అత్త వీధి మలుపులో ఎర్రటి ఎండలో నిలబడి, షేర్ ఆటో ఆపి పెట్టింది. "బిరీన రామ్మే, ఆటో ఆయన పోతానంటాండాడు" అని అక్కడి నుంచే కేకేసింది. నేను చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తాను.